రేషన్ కార్డులోంచి పేరు తీసే ముందు ఆ ఇంటికి వెళ్లండి: పౌర సరఫరాల మంత్రి గారికి బహిరంగ లేఖ

తిరుపతి

గౌరవనీయులైన రాష్ట్ర ఆహార, పౌర సరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను తిరుపతిలో అంగన్వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కొండ కింద కాలనీల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. పిల్లల్ని తూకం వేయడం, ఎత్తు కొలవడం, చార్టులో చుక్క పెట్టడం, ఆ చుక్క కిందికి జారితే వాళ్లమ్మను కూర్చోబెట్టి మాట్లాడడం నా పని. ఇప్పుడు సెంటర్ బాధ్యత లేదు గానీ, కార్డు గురించి ఏ ఇబ్బంది వచ్చినా మా వీధి ఆడవాళ్లు ఇంకా నా దగ్గరికే వస్తారు. అర్జీ రాసిపెట్టమంటారు, సచివాలయానికి తోడు రమ్మంటారు, సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్సుకు పోదామంటారు. వాళ్ల తరఫున, నా తరఫున కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పేదల బియ్యం తగ్గిస్తున్నామని మీ ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు. మనిషికి 5 కిలోలు అలాగే ఉన్నాయి. నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు 35 కిలోలు అలాగే ఉన్నాయి. డబ్బు కూడా కట్టనక్కర్లేదు. కాగితం మీద చూస్తే కోత ఎక్కడా కనిపించదు. కానీ మా వీధుల్లో కొన్ని ఇళ్లకు వచ్చే బియ్యం తగ్గాయి, కొన్ని ఇళ్లకు పూర్తిగా ఆగిపోయాయి. కిలోలు తగ్గించలేదు, పేర్లు తగ్గిస్తున్నారు. వేలిముద్ర పడలేదని ఒక పేరు, ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడడం) కాలేదని ఒక పేరు, కరెంటు యూనిట్లు ఎక్కువొచ్చాయని ఒక కార్డు, ఊళ్లో ఉండడం లేదని ఇంకో కార్డు. ఒక్కొక్కటిగా పోతున్నాయి కాబట్టి గొడవ కావడం లేదు. బియ్యం ఆగిన ఇంటివాళ్లు కూడా తప్పు తమదేనేమో అనుకుని ఊరుకుంటున్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఒక మనిషి అర్హుడు కాదని మీ సిబ్బంది ఆ ఇంటికి వెళ్లి, చూసి, తేల్చేదాకా బియ్యం ఆపకండి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది. ముందు బియ్యం ఆపేస్తారు, ఆ తర్వాత అర్హత ఉందని నువ్వే నిరూపించుకో అంటారు. నిరూపించుకోవడానికి తిరగాల్సింది ఎవరు? రోజు కూలి పోతే ఆ రోజు పొయ్యి వెలిగించలేని మనిషి.

నలుగురున్న ఇంటికి నెలకు 20 కిలోల బియ్యం వస్తాయి. బజారులో ఓ మాదిరి బియ్యం కిలో యాభై రూపాయలు వేసుకున్నా అది వెయ్యి రూపాయల సరుకు. జీతం వచ్చే ఇళ్లల్లో వెయ్యి రూపాయలు పెద్ద లెక్క కాకపోవచ్చు. లాడ్జీల్లో గదులు ఊడ్చే మనిషి ఇంట్లో ఆ వెయ్యి రూపాయలే పిల్లలకు పాలు, నూనె, పప్పు, జ్వరమొస్తే మాత్రలు. బియ్యం ఆగిన నెలలో ఆ ఇంట్లోవాళ్లు అన్నం మానరు. పప్పు మానేస్తారు, గుడ్డు మానేస్తారు. అమ్మ రాత్రిపూట ఆకలి లేదంటుంది. తూకం వేసే మనిషిని కాబట్టి నాకు తెలుసు, బియ్యం ఆగిన సంగతి రెండు మూడు నెలల తర్వాత పిల్లల చార్టులో కనిపిస్తుంది.

వేలిముద్రల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా వీధి చివర ఒకావిడ ఉంది. పేరు రాయను. భర్త లేడు. చింతపండు కొట్టి గింజ తీసే పనికి పోతుంది. మన చిత్తూరు, కుప్పం, పుంగనూరు వైపు ఈ పని ఎంతమంది ఆడవాళ్లకు కూడు పెడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి పులుపులో నానిన వేళ్ల మీద గీతలు మిగలవు. రేషన్ స్టోరులో మిషను మీద బొటనవేలు పెడితే పడదు. చూపుడువేలు పెడితే పడదు. చీర కొంగుతో తుడిచి, మిషను అద్దం తుడిచి మళ్లీ పెడుతుంది. వెనక లైనులో వాళ్లు విసుక్కుంటారు. "రేపు రా అంటాండారమ్మా. రేపు పనికి పోకుంటే కూలి పోతుంది" అంటుంది. డీలరు చెడ్డవాడు కాదు. మిషను ఒప్పుకోకుండా బియ్యం ఇస్తే అతని లెక్క తేలదు, తనిఖీకొచ్చి అతన్నే పట్టుకుంటారు. అందుకని అతనూ చేతులెత్తేస్తాడు.

ఈవిడ ఒక్కతే కాదు. హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, బాత్రూములు యాసిడ్‌తో కడిగేవాళ్లు, ఇటుకలు మోసేవాళ్లు, సిమెంటు కలిపేవాళ్లు, అందరి చేతులూ ఇంతే. తిరుపతికి రోజూ వేలమంది యాత్రికులు వస్తారు. వాళ్లు పడుకున్న దుప్పట్లు ఉతికే చేతులు, వాళ్లు తిన్న పళ్లేలు కడిగే చేతులు మిషనుకు అక్కర్లేకుండా పోయాయి. ఐదేళ్లలోపు పిల్లలకు, 80 ఏళ్లు దాటిన పెద్దవాళ్లకు ఈకేవైసీ నుంచి మినహాయింపు ఇచ్చారు. మంచి పని చేశారు, కాదనను. కానీ వేళ్లు అరగడానికి 80 ఏళ్లు రానక్కర్లేదు. మా దగ్గర నలభై ఐదుకే అరిగిపోతాయి.

చట్టం ఏం చెబుతోందో మీకు తెలుసు. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఈ బియ్యం హక్కు. ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడనే కార్డుకు ఇంటి పెద్దగా రాయాలని కూడా అందులోనే ఉంది. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హుల్ని తిప్పి పంపొద్దని కేంద్ర ఆహార శాఖే 2017లో రాష్ట్రాలకు రాసింది. అలా రాయాల్సి రావడానికి వెనక ఒక ఆడపిల్ల ప్రాణం ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్‌తో లింకు కాలేదని ఆ ఇంటి కార్డు అప్పటికే తీసేశారు. అన్నం, అన్నం అంటూ ప్రాణం విడిచిందని వాళ్లమ్మ చెప్పింది. మలేరియా వల్ల పోయిందని ప్రభుత్వం చెప్పింది. ఏ జబ్బని రాసుకున్నా, ఆ ఇంటికి నెలల తరబడి బియ్యం అందలేదన్నది మాత్రం మిగిలింది. మన రాష్ట్రంలో అలాంటిది జరగకూడదనే ఇంత ముందుగా మొరపెట్టుకుంటున్నాను.

ఇక కరెంటు మీటరు. కార్డుకు ఎవరు అర్హులో తేల్చే ఆరంచెల వడపోత మాకు కంఠస్థం. పొలం ఎంత, కారు ఉందా, ఇన్‌కంటాక్స్ కడుతున్నారా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటిందా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందా. వీటిల్లో కారు, ఇన్‌కంటాక్స్ దగ్గర నాకు పేచీ లేదు. మీటరు దగ్గరే ఉంది. తిరుపతిలో అద్దె ఇళ్లు ఎలా ఉంటాయో చూడండి. ఒక మేడ, కింద వరసగా పోర్షన్లు, చాలాచోట్ల రెండు మూడు కాపురాలకు కలిపి ఒకే మీటరు. ఆ మీటరు యూనిట్లు ఒకే కార్డు మీద పడితే మిక్సీ కూడా లేని ఇల్లు కంప్యూటరులో ఏసీలున్న ఇల్లయిపోతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఇలాగే అయింది. ఆ మీటరు తమది కాదని రుజువు చేయాలంటే ఇంటి ఓనరు సంతకం కావాలి. అద్దె కాగితం కూడా రాసివ్వని ఓనరు ఈ కాగితం మీద సంతకం పెడతాడా? అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని ఆ ఇంటి ఇల్లాలు అడగనే లేదు. కార్డు వదులుకుంది.

ఔట్‌సోర్సింగ్ వాళ్ల పరిస్థితీ ఇలాంటిదే. చేతికొచ్చే జీతం చూస్తే ఏ నెలకానెల అప్పే. కానీ జీతం ప్రభుత్వ సంస్థ ద్వారా బ్యాంకులో పడుతోంది కాబట్టి ప్రభుత్వ ఉద్యోగి అని లెక్క వేస్తున్నారు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది, సంతోషం. ఆసుపత్రిలో, హాస్టల్లో, ఆఫీసుల్లో ఇంచుమించు అదే జీతానికి పనిచేసే మిగతావాళ్లు ఏం పాపం చేశారు? ఆదాయ పరిమితి కూడా ఒకసారి చూడండి. పట్టణంలో నెలకు 12,000 రూపాయలు, పల్లెలో 10,000 అని 2019లో పెట్టిన లెక్క. అప్పటినుంచి గ్యాసు, నూనె, ఇంటి అద్దె ఎక్కడికి పోయాయో ఎవరిని అడిగినా చెబుతారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ లాడ్జీలో పనిచేస్తే 12,000 దాటుతుంది. దాటినంత మాత్రాన వాళ్లు పేదవాళ్లు కాకుండా పోతారా?

మంత్రి గారూ, నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పుట్టిస్తున్నది వలస కుటుంబాల విషయం. కుప్పం నుంచి బెంగళూరుకు రైలెక్కి పనికి పోయి వచ్చేవాళ్లు రోజూ ఉన్నారు. వాళ్లయినా రాత్రికి ఇల్లు చేరతారు. సత్యవేడు, నగరి, శ్రీకాళహస్తి వైపు నుంచి చెన్నై చుట్టుపక్కల ఇటుక బట్టీలకు పోయేవాళ్లు మాత్రం సీజనంతా అక్కడే ఉంటారు. అడ్వాన్సు తీసుకుని కుటుంబం మొత్తం పోతారు, వానలు మొదలయ్యేదాకా రారు. 2025 జులైలో కేంద్రం రేషన్ పంపిణీ కంట్రోల్ ఆర్డర్‌ను సవరించింది. ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపేయాలి, ఆ తర్వాత మూడు నెలల్లో ఇంటికి వెళ్లి విచారించి, ఈకేవైసీ చేసి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి. బట్టీ సీజను కూడా దాదాపు ఆరు నెలలే. తాళం వేసిన ఇంటికి విచారణకు వెళ్తే ఎవరు పలుకుతారు? పక్కింటివాళ్లు "బట్టీకి పోయినారు" అంటారు. రిజిస్టరులో "స్థానికంగా లేరు" అని పడుతుంది. అప్పు తీర్చడానికి కుటుంబంతో సహా వలస పోయిన వాళ్లకంటే ఈ బియ్యం ఎవరికి అవసరం?

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం ఉంది కదా, అక్కడే తీసుకోవచ్చు కదా అంటారు. ఆ సౌకర్యం ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డులకే. మన రాష్ట్రం సొంత ఖర్చుతో ఇస్తున్న కార్డు పట్టుకుని తమిళనాడు స్టోరుకు పోతే బియ్యం రావు. తమ కార్డు రెండు రకాల్లో ఏదో చాలామందికి తెలియదు. తెలిసినా, బట్టీ యజమాని పని ఆపి స్టోరుకు పంపుతాడన్న నమ్మకం లేదు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు వలస కూలీల కేసులో తీర్పిస్తూ, కరోనా ఉన్నంతకాలం కార్డు లేని వలస కూలీలకు కూడా తిండిగింజలు అందేలా రాష్ట్రాలు పథకం పెట్టుకోవాలని చెప్పింది. అంటే కార్డు లేకపోయినా పెట్టమంది కోర్టు. మనం కార్డు ఉన్నవాళ్లను కూడా బయటికి పంపుతున్నాం.

యానాదుల గురించి వేరేగా ఒక ఉత్తరం రాయాలి. శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపు కాలనీల్లో ఇప్పటికీ పుట్టిన తేదీ కాగితం లేని పెద్దవాళ్లున్నారు. కాగితం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక కార్డులో పేరు లేదు, తల్లికి లేక బిడ్డకూ లేదు. ప్రతి కొత్త నియమం ముందు వాళ్లకే తగులుతుంది. వాళ్లను ఆఫీసుకు రమ్మనడం కాదు, ఆఫీసే వాళ్ల కాలనీకి పోవాలి.

నేను పనిచేసిన అంగన్వాడీలో కూడా ఇదే గాలి వీస్తోంది. గర్భిణులకు, బాలింతలకు, మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికిచ్చే సరుకు తీసుకోవాలంటే 2025 జులై నుంచి ముఖం ఫొటో ఆధార్‌తో సరిపోవాలి. ఓటీపీ ఆధార్‌కు లింకయిన ఫోనుకు పోతుంది. ఆ ఫోను భర్త జేబులో బెంగళూరులో ఉంటుంది. ఆధార్‌లో ఫొటో పెళ్లికి ముందు దిగినది. కాన్పు అయి నీరసపడిన పిల్ల ముఖం దానితో సరిపోదు. నా తర్వాత వచ్చిన టీచర్లు ఫోను చేసి చెబుతుంటారు, "అక్కా, ఎదురుగా ఉన్న మనిషి ఎవరో నాకు తెలుసు, వాళ్ల పెళ్లికి కూడా పోయినా, కానీ యాప్ ఒప్పుకోదు" అని. అది కేంద్రం పెట్టిన నియమం, మీ శాఖది కాదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే స్టోరులో బియ్యం ఆగిన ఇల్లు, అంగన్వాడీలో పౌష్టికాహారం ఆగిన ఇల్లు చాలాసార్లు ఒకటే ఇల్లు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. పిల్లల్లో 63 శాతానికి, ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత. ఈ అంకెలు ఉన్న రాష్ట్రంలో అధికారులకు రాత్రిళ్లు నిద్రపట్టకూడదు. ఎంతమందిని జాబితాలోంచి తీశామన్నది విజయంగా చెప్పుకోకూడదు.

మీవైపు వాదన నాకు తెలుసు. బోగస్ కార్డులున్నాయి, రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారు, లారీలకు లారీలు సరిహద్దు దాటుతున్నాయి. నిజమే. మనది రెండు రాష్ట్రాల సరిహద్దు. పట్టుబడిన లారీల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. కానీ లారీ నిండేది చింతపండు కొట్టే ఆవిడ ఐదు కిలోలతో కాదు. గోడౌను, మిల్లు, మధ్యలో కొనేవాళ్లు, వాళ్లను చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు లేకుండా లారీ కదలదు. అక్కడ పట్టుకోండి, ఊరంతా మీ వెనక ఉంటుంది. చాటలో చెరిగితే పొట్టు పోవాలి గానీ గింజలు పోకూడదు. ఇప్పుడు గింజలు పోతున్నాయి.

కొన్ని ఇళ్లు పది పన్నెండు రూపాయలకు కిలో చొప్పున బియ్యం అమ్ముతున్న మాట కూడా దాచను. ఎందుకు అమ్ముతున్నారో అడిగారా? నేను అడిగాను. ఒకామె కందిపప్పు కొనడానికి అమ్మింది. స్టోరులో సబ్సిడీ కందిపప్పు ఎన్ని నెలలు వచ్చింది, ఎన్ని నెలలు రాలేదో మీ శాఖ లెక్కల్లోనే ఉంటుంది. ఇంకో పెద్దాయన సంగటి తప్ప అన్నం తినడు. షుగర్ ఉంది, డాక్టరు కూడా రాగి సంగటే తినమన్నాడు. బియ్యం అమ్మి రాగులు కొంటాడు. మన సీమలో బియ్యం బదులు కొంత రాగులు ఇచ్చే పద్ధతి ప్రభుత్వమే పెట్టింది. అది ప్రతినెలా, ప్రతి స్టోరులో, అడిగినవాళ్లకల్లా దొరికితే ఆ పెద్దాయన అమ్ముకోవాల్సిన పనే లేదు. మెట్ట పొలాల్లో రాగి వేసే మన రైతుకూ నాలుగు డబ్బులొస్తాయి. అమ్ముకుంటున్నారంటే వాళ్లకు ఆకలి లేదని కాదు. వాళ్లకు కావలసినది మనం ఇవ్వడం లేదని.

"కొండమీద ఉచిత భోజనం ఉంది, ఊళ్లో అన్న క్యాంటీన్ ఉంది, తిరుపతిలో ఆకలేమిటి?" అని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. తరిగొండ వెంగమాంబ పేరున తిరుమలలో జరిగే అన్నప్రసాదం గొప్పదే, ఎవరినీ కార్డు అడగరు. కానీ అది దర్శనానికి వచ్చినవాళ్ల కోసం. ముగ్గురు పిల్లలున్న తల్లి రోజూ రెండుపూటలా కొండెక్కి రాలేదు. ఐదు రూపాయల క్యాంటీన్ పనికి బయటికొచ్చిన మగవాడికి, ఆటో డ్రైవరుకు, కూలికి చాలా మేలు చేస్తోంది. 2019లో మూతపడినవి 2024 ఆగస్టులో తిరిగి తెరిచినప్పుడు నేనూ సంతోషించాను. ఇంట్లో ఉన్న ముసలమ్మకు, బాలింతకు, బడి నుంచి వచ్చిన పిల్లకు రాత్రి కావలసింది ఇంట్లో డబ్బాలో బియ్యం. ఒకటి ఉంది కదా అని రెండోది తీసేస్తామంటే ఒప్పుకోలేం.

మీ చేతుల్లో లేని సంగతులు కొన్ని ఉన్నాయి. చట్టం దేశం మొత్తానికి పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి అని రాసినా, మన రాష్ట్రానికి వచ్చేసరికి పల్లెల్లో 61, పట్టణాల్లో 41 శాతం దగ్గరే ఆపారు. అదీ 2011 జనాభా లెక్కల మీద. అంటే ఆ తర్వాత పుట్టిన పిల్లలు, పెరిగిన ఊళ్లు కేంద్రం లెక్కలో లేవు. మిగతా కార్డుల భారం రాష్ట్ర ఖజానా మోస్తోంది. ఆ భారం తగ్గించుకోవాలన్న ఒత్తిడి అధికారుల మీద ఉంటుందని అర్థమవుతుంది. కొత్త జనాభా లెక్కలు 2027లో. అవి తేలి కోటా పెరిగేదాకా ఆగితే ఇప్పుడు అంగన్వాడీకి వస్తున్న పిల్లలు హైస్కూలుకు వచ్చేస్తారు. దీని మీద ఢిల్లీతో గట్టిగా కొట్లాడండి. కొట్లాడుతూనే, ఆ లోటును పేదింటి పేర్లు కొట్టేసి పూడ్చుకోకండి.

ఈ రాష్ట్రంలో బియ్యం చరిత్ర మీకు కొత్త కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకిచ్చారు. 2011 నవంబరులో కిలో రూపాయి చేసిన కిరణ్‌కుమార్ రెడ్డి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషి. ఇప్పటి ముఖ్యమంత్రి గారి సొంతూరు నారావారిపల్లె, మా తిరుపతికి పక్కనే. పార్టీలు మారినా పేదవాడి బియ్యం జోలికి పోకూడదన్నది ఇక్కడ అందరూ ఒప్పుకున్న మాట.

కాబట్టి ఇవి చేయండి. ఏ పేరయినా, ఏ కార్డయినా ఆపాలంటే ముందు తెలుగులో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కారణం అందులో రాయాలి. సచివాలయం మనిషి ఇంటికి వెళ్లాలి, తాళం వేసి ఉంటే ఇరుగుపొరుగును అడిగి వాళ్లు ఎక్కడికి పోయారో, ఎప్పుడొస్తారో రాయాలి, వచ్చేదాకా ఆగాలి. అంతవరకు బియ్యం వస్తూనే ఉండాలి. కేంద్రం ఆరు నెలల నియమాన్ని అమలు చేయక తప్పదంటే ఆరో నెల రాకముందే, నాలుగో నెలలోనే ఆ ఇంటికి ఫోను చేయించండి.

వేలిముద్ర పడకపోతే కంటిపాప, అది కూడా కాకపోతే ఓటీపీ, ఏదీ కాకపోతే సచివాలయం ఉద్యోగి సాక్షి సంతకంతో రిజిస్టరులో రాసి అదే రోజు బియ్యం ఇవ్వాలి. అలా ఇచ్చిన డీలరు మీద కేసు పెట్టబోమని స్పష్టంగా రాసివ్వాలి. ఇది రాసివ్వనంతకాలం మీరు ఎన్ని మినహాయింపులు ప్రకటించినా స్టోరు దగ్గర అమలు కావు. 2025 జూన్‌లో ఇళ్ల దగ్గరికి రేషన్ తెచ్చే బండ్లు తీసేసి మళ్లీ స్టోర్లకు మార్చారు. 65 దాటిన వాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే ఇవ్వాలన్నారు. ఆ మాట కాలనీల్లో ఎంతవరకు నడుస్తోందో ఒకసారి తనిఖీ చేయించండి. స్టోరులో సరుకు ఇచ్చే ఒకటో తారీఖు నుంచి 15 లోపు రాలేకపోయినవాళ్లకు ఆ నెల బియ్యం మరుసటి నెలలో కలిపి ఇప్పించండి.

ఆపిన పేర్ల జాబితా, కారణాలతో సహా, ప్రతి స్టోరు గోడ మీద, ప్రతి సచివాలయంలో అంటించాలి. రికార్డులు ప్రజల ముందు ఉంచాలని, సోషల్ ఆడిట్ చేయాలని చట్టంలోనే ఉంది. జాబితా గోడ మీద ఉంటే నాలాంటివాళ్లం చదివి చెప్పగలం, ఇది తప్పు, ఈ మనిషి ఇక్కడే ఉంది అని. పొరపాటున ఆపిన నెలలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మా వైపు ఆ భత్యం అందుకున్న మనిషిని నేను చూడలేదు. తప్పు మీ శాఖదని తేలినప్పుడు ఆ డబ్బు ఇంటికి చేరితే, మరోసారి పేరు కొట్టే ముందు అధికారి ఒక నిమిషం ఆలోచిస్తాడు.

మీరు దర్శనానికి తిరుపతి వస్తూనే ఉంటారు. ఈసారి ఒకటో తారీఖుకు, 15వ తారీఖుకు మధ్య రండి. ముందుగా ఎవరికీ చెప్పకుండా, పనులు ముగిసి ఆడవాళ్లు వచ్చే సాయంత్రం వేళ ఏదైనా కాలనీ స్టోరుకు వెళ్లండి. బియ్యం తీసుకున్నవాళ్లతో ఫొటో వద్దు. మిషను తిప్పి పంపినవాళ్లు ఎవరో డీలరునే అడిగి, వాళ్ల ఇళ్లకు నడిచి వెళ్లండి. దారి చూపించడానికి నేను వస్తాను. ఈలోగా, విచారణ ముగియని కార్డులన్నిటికీ వచ్చే నెల నుంచి బియ్యం విడుదల చేయమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్వాడీ టీచరు,
తిరుపతి